ప్రక్కన నిలిచిన సాక్షి

ధ్యానమునకు: లేవీయకాండము 5:1, నెహెమ్యా 5:1–13, కీర్తన 15, యాకోబు 5:1–6



క్రిస్మసు పండుగకు మన యిండ్లకు వచ్చెడి కార్డులలో ఒక బొమ్మను మీరందరు చూచియుందురు. మంచు కప్పిన చిన్న పల్లె, పల్లె నడుమ ఎత్తైన గోపురముగల రాతి దేవాలయము, కిటికీలలో దీపములు, చంకలో బైబిలు పెట్టుకొని గుడికి పోవుచున్న పిల్లలు, పెద్దలు. 1805లో విశాఖపట్టణమునకు సువార్త తెచ్చిన లండను మిషను వారి దేశము అట్టిదని మన పెద్దలు చెప్పుకొనెడివారు. మన యూళ్లలో సంఘమనగా పదో పదిహేనో గడపలు. అక్కడనో, ఊరంతయు ఒకే సంఘము. భూస్వామియు, రైతును, కూలివాడును ఒకే గంట విని ఒకే గుడికి వచ్చెడివారు. అట్టి ఊరిలో అన్యాయమునకు చోటెక్కడిది అని మనకు తోచుట సహజమే.

ఈ నెల మేము మిమ్మును ఆ బొమ్మలోని పల్లె ఒకదానిలోనికి తీసికొనిపోవ గోరుచున్నాము. ఆ దేశమును నిందించుటకు కాదు; అద్దములో మన ముఖము చూచుకొనుటకే. ఏలయనగా ఆ పల్లెలో దాదాపు రెండువందల యేండ్ల క్రిందట జరిగినది మన ఉద్దానపు పల్లెలలో ఇప్పటికిని జరుగుచున్నది. అది మాచేత కూడ జరిగెనని ఈ వ్యాసములో ఒప్పుకొనవలసియున్నది.

మొదట ఆ పల్లెల ఏర్పాటు ఎట్టిదో కొంచెము తెలిసికొందము. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని ప్రతి పల్లెయు ఒక పారిష్‌లో చేరియుండెను. పారిష్ అనగా ఒక దేవాలయమునకును ఒక ఫాదిరిగారికిని అప్పగింపబడిన పొలిమేర. ఆ ఫాదిరిని వికారు అని పిలిచెడివారు. ఊరివారి బాప్తిస్మములు, పెండ్లిండ్లు, సమాధులు ఆయన పుస్తకములో వ్రాయబడెను. పొలములో పండినదానిలో పదియవ వంతు దేవాలయమునకు చెల్లవలెనని చట్టమే యుండెను. 1836 నాటి చట్టముతో ధాన్యమునకు బదులు రొక్కము చెల్లించు పద్ధతి వచ్చెను. బీదలకిచ్చు సహాయమును పారిష్ పన్నునుండియే ఇచ్చెడివారు. గుడిలో బల్లలకు సయితము అంతస్తులుండెను. పెద్ద కుటుంబములకు తమ తమ బల్లలు వేరుగా నుండగా, కూలివారు వెనుక కూర్చుండెడివారు. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటును, మురికిబట్టలవానికి పాదపీఠము దగ్గర చోటును చూపు సంఘమును యాకోబు ఎట్లు గద్దించెనో (యాకోబు 2:1–4) ఆ గుడిలోనే ఏటేట చదువబడుచుండెను. అయినను బల్లలు ఎక్కడివక్కడనే యుండెను.

ఊరిలో మూడు తరగతులు. పైన భూస్వామి, మధ్య ఆయన భూమిని కౌలుకు తీసికొని సేద్యము చేయించు రైతు, క్రింద ఆ రైతు పొలములో వారపు కూలికి పనిచేయువాడు. మన ప్రాంతమున కంబారి, పాలేరు అని పిలుచువానివంటివాడే అతడు. పూర్వము అతనికి ఒక ఆవును మేపుకొనుటకైనను, పుల్లలు ఏరుకొనుటకైనను ఊరుమ్మడి బీడు కొంత యుండెడిది. చట్టముపై చట్టము చేసి ఆ బీడులకు కంచెలు వేసిన తరువాత కూలి తప్ప మరి ఏ ఆధారమును లేకపోయెను. ఇదంతయు మనకు దూరపు కథ కాదు. 1802 శాసనముతో మద్రాసు రాజధానిలో జమీందారీ శాశ్వత శిస్తు ఏర్పడినప్పుడు మన గంజాము సీమలోను పైన ఒకడు, మధ్య ఒకడు, క్రింద దున్నువాడు అను మెట్లు అట్లే గట్టిపడెను.

ఇక ఆ పల్లె. దాని పేరు టాల్‌పడిల్. ఇంగ్లండు దక్షిణమున డార్సెట్ అను సీమలో, డార్చెస్టరు పట్టణమునకు ఏడు మైళ్ల దూరమున నున్నది. అక్కడ జార్జి లవ్‌లెస్ అను దున్నువాడు ఉండెను. 1797లో పుట్టినవాడు. పగలు నాగలి పట్టి, సెలవు దినములలో నడిచిపోయి చుట్టుప్రక్కల ఊళ్లలో ప్రసంగించు మెథడిస్టు బోధకుడు. జీతము తీసికొను బోధకుడు కాడు. మన సంఘములలో పనిచేయు అనేకులవలెనే, చేతులతో కష్టించి తిని, నోటితో దేవుని మాట చెప్పినవాడు. ఆ ఊరి మెథడిస్టులు 1818లో మట్టియు గడ్డియు కలిపి త్రొక్కిన గోడలతో ఒక చిన్న ప్రార్థనామందిరము కట్టుకొనిరి. మన తాతలు కట్టిన మట్టిగోడల గుడులవంటిదే అది.

1830 శీతకాలమున ఆ దేశపు దక్షిణ జిల్లాలలో కూలివారు ఆకలికి ఓర్వలేక తిరుగబడి, నూర్పిడి యంత్రములు విరుగగొట్టి, గడ్డివాములు తగులబెట్టిరి. పందొమ్మిదిమంది ఉరితీయబడిరి, వందలమంది సముద్రముమీద దూరదేశములకు పంపబడిరి. టాల్‌పడిల్ కూలివారు అట్టి మార్గమున పోలేదు. వారు యజమానులతో కూర్చుండి మాటలాడిరి. ఆ జిల్లాలో ఇతరులిచ్చు కూలియే తామును ఇత్తుమని యజమానులు మాట యిచ్చిరి. ఆ మాట జరిగినప్పుడు వికారైన వారెన్ గారు అక్కడనుండెననియు, మీరు నెమ్మదిగా పనికి పొండి, నేను మీకును మీ యజమానులకును నడుమ సాక్షిని, వారు మాట తప్పినయెడల మీకు న్యాయము జరుగునట్లు నేను చూచెదనని దేవుని పేరు చెప్పి పలికెననియు లవ్‌లెస్ 1837లో అచ్చువేసిన తన చిన్న పుస్తకములో వ్రాసెను.

కూలివారు ఆ మాట నమ్మి పనికి పోయిరి. చుట్టుప్రక్కల వారమునకు పది షిల్లింగులు ఇచ్చుచుండగా వీరికి తొమ్మిదే వచ్చెను. తరువాత ఎనిమిది. తరువాత ఏడు. ఇకమీదట ఆరే అని యజమానులు చెప్పిరి. ఆరు షిల్లింగులతో భార్యాబిడ్డలు వారమంతయు రొట్టె తినుట ఎట్లు? వారు న్యాయాధికారుల యొద్దకు పోయిరి. యజమాని ఇంత కూలి ఇయ్యవలెనను చట్టము లేదు, ఇచ్చినది పుచ్చుకొని పనిచేయవలసినదే అని అక్కడ చెప్పిరి. అప్పుడు తమకు సాక్షిగా నిలిచిన వికారును జ్ఞాపకము చేసికొనిరి. అట్టి మాట ఏదియు తనకు తెలియదని ఆయన అనెనని లవ్‌లెస్ వ్రాసెను.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. మనకు ఈ సంగతి తెలియుట లవ్‌లెస్ నోటనే. వికారుగారు తన పక్షమున ఏమి చెప్పుకొందురో మన యెదుట లేదు. మరణించినవానికి మనము తీర్పరులము కాము. అయితే లవ్‌లెస్ వ్రాసినట్లే జరిగినదని తీసికొని, అందులోని తప్పు ఏదో తరచి చూడవలెను. ఏలయనగా ఆ తప్పు చేయుట మనకు చాల సులువు.

తరువాతి సంగతి త్వరగా చెప్పెదము. 1833 అక్టోబరులో ఆ కూలివారు ఒక స్నేహసంఘము ఏర్పరచుకొనిరి. ఒకరికొకరు తోడుండి, తక్కువ కూలికి ఒప్పుకొనకుండుటయే దాని ఉద్దేశము. అట్టి సంఘము పెట్టుకొనుట అప్పటికి నేరము కాదు. అయితే చేరువారిచేత రహస్యముగా ప్రమాణము చేయించిరి. నావికుల తిరుగుబాటును అణచుటకు 1797లో చేసిన ఒక పాత చట్టమును వెదకి తీసి, ఆ ప్రమాణమే నేరమని వారిమీద మోపిరి. 1834 ఫిబ్రవరి 24న తెల్లవారుచుండగా ఆరుగురిని పట్టుకొనిరి: జార్జి లవ్‌లెస్, అతని తమ్ముడు జేమ్సు, వారి బావ తామస్ స్టాండ్‌ఫీల్డు, ఆయన కుమారుడు జాన్, జేమ్సు హామెట్, జేమ్సు బ్రైన్. మార్చిలో విచారణ జరిగి, ఆరుగురికిని ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధింపబడెను. జార్జిని టాస్మానియా ద్వీపమునకును, తక్కినవారిని ఆస్ట్రేలియాకును పంపిరి. వారి భార్యాబిడ్డలు పారిష్ సహాయము అడుగగా అదియు ఇయ్యలేదు.

ఏప్రిలు 21న లండను నగరమున వేలాది పనివారు ఊరేగి, రెండు లక్షలకు పైగా చేవ్రాళ్లుగల మనవిని ప్రభుత్వమునకు తీసికొనిపోయిరి. 1836 మార్చిలో పూర్ణక్షమాపణ వచ్చెను. జార్జి 1837లో ఇల్లు చేరెను. తక్కినవారు ఆ తరువాత చేరిరి.

ప్రియులారా, ఈ కథలో కూలి తగ్గించినవారు ఎవరు? యజమానులు. శిక్ష విధించినవారు? న్యాయాధికారులు. వికారు ఏమి చేసెను? ఒక విధముగా చూచిన ఏమియు చేయలేదు. ఒకరి సొమ్ము తీసికొనలేదు, ఒకరిని కొట్టలేదు. ఊరిలో గొడవ కాకూడదని మంచి మాట చెప్పెను. అయినను ఆయన భాగము చిన్నదని అనుకొనవద్దు. ఆ కూలివారు నమ్మినది యజమానుల మాటను మాత్రమే కాదు. యజమానులు ఎట్టివారో వారికి తెలియును. వారు నమ్మినది ప్రక్కన నిలిచినవానిని. దేవుని పేరు చెప్పువాడు వినెను గనుక, ఆ మాట గట్టిదని తలచిరి. ఆ నమ్మకముమీద తమ చేతిలో నున్న బలమును విడిచిరి. పనికి పోమను మాటను వెనుకకు తీసికొనిరి. యజమానులకు పంట వచ్చెను, వికారుకు నెమ్మది వచ్చెను, ఆ రెంటికిని వెల కూలివారే చెల్లించిరి.

సమాధానపరచువారు ధన్యులని మన ప్రభువు కొండమీద చెప్పెను. మేము దానిని అనేక పర్యాయములు ప్రసంగించితిమి. కాని గొడవను ఆపుట వేరు, సమాధానపరచుట వేరు. బలహీనుని నోరు మూయించి ఊరిని నిశ్శబ్దము చేసినయెడల అది గొడవను ఆపుట మాత్రమే. ఇచ్చిన మాట నెరవేరువరకు నిలుచుట సమాధానపరచుట. మొదటిది ఒక సాయంకాలమున ముగియును. రెండవదానికి కొన్నిసార్లు సంవత్సరములు పట్టును, మిత్రులు పోవుదురు, కానుకలు తగ్గును.

నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయమును తెరచి చూడుడి. యెరూషలేము గోడ కట్టుచున్న కాలమున జనులు మొఱ్ఱపెట్టిరి. ధాన్యముకొరకు పొలములు తాకట్టు పెట్టిరి. రాజు పన్నుకొరకు అప్పు చేసిరి. కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, వారి సహోదరులైన యూదులే. నెహెమ్యా వారిని గద్దింపగా, తిరిగి యిచ్చివేయుదుమని వారు ఒప్పుకొనిరి. నెహెమ్యా అంతటితో ఊరకుండి ప్రార్థన చేసి పంపివేయలేదు. యాజకులను పిలిపించి, వారి యెదుట ఆ పెద్దలచేత ప్రమాణము చేయించెను. తన ఒడి దులిపి, ఈ మాట తప్పినవానిని దేవుడు ఇట్లే దులిపివేయునని చెప్పెను. పండ్రెండవ వచనములో యాజకులు ఏలపిలువబడిరో గమనించుడి. ధనవంతుల మాట చల్లారకుండ కాపాడుటకే. గుడి సేవకునికి ఆ దినమున ఇయ్యబడిన పని అది.

ఇంకొక చోట చూడుడి. యిర్మీయా 34వ అధ్యాయములో సిద్కియా రాజు దినములలో యెరూషలేము పెద్దలు తమ దాసులను విడిపింతుమని దేవుని మందిరములో నిబంధన చేసిరి, విడిపించిరి, తరువాత మనస్సు మార్చుకొని వారిని మరల పట్టుకొనిరి. దేవుడు దానిని దాసులమీద జరిగిన అన్యాయముగా మాత్రమే ఎంచలేదు. నా పేరు పెట్టబడిన మందిరములో మాట యిచ్చి తప్పితిరి గనుక నా పేరునే అపవిత్రపరచితిరి అను భావముతో పలికెను. కాబట్టి గుడి అరుగుమీద పలికిన మాటకు గుడి యజమానుడే హక్కుదారుడు.

అన్నిటికంటె సూటియైన మాట లేవీయకాండము 5:1లో నున్నది. ఒకడు సాక్షియైయుండి, తాను చూచినదానినైనను ఎరిగినదానినైనను తెలియజేయకపోయినయెడల, వాడు తన దోషమును భరించును. అబద్ధము చెప్పుట గురించి కాదు ఆ మాట. మాటలాడకుండుట గురించి.

ఇప్పుడు మన సీమకు వత్తము. మన ఇచ్ఛాపురపు బాటయు రైతు కూలిల మొఱ్ఱను ఎరుగును. 1937లో జమీందారీ రైతుల యాత్ర ఇచ్ఛాపురము నుండియే బయలుదేరి, నూటముప్పది దినములు, పదిహేనువందల మైళ్లకు పైగా నడచి, 1938 మార్చి 27న తమ మనవులను మద్రాసు శాసనసభ యెదుట పెట్టెను. 1940లో మందస జమీనులోని గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులలో గున్నమ్మ ప్రాణము విడిచెను. ఆమె పేరు మన ప్రాంతమున తెలియనివారు లేరు. జమీందారీలు 1948 చట్టముతో రద్దయ్యెను. అయితే మాట యిచ్చి తప్పుట ఏ చట్టముతోను రద్దు కాలేదు.

మా సంగతి చెప్పెదము. 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. ఆ రాత్రి మీలో అనేకులు ఎట్లు గడిపితిరో మేము చెప్పనక్కరలేదు. తెల్లవారి చూడగా ఉద్దానమున కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమీద పరుండియుండెను. మేము పెద్దలుగా నున్న సంఘములో ఒక సహోదరుడు మరియొకరి కొబ్బరితోటను ఏడాది కాయకు కౌలు తీసికొని, అప్పు చేసి సొమ్మంతయు ముందుగానే చెల్లించియుండెను. తుపానుకు తోటలో నిలిచిన చెట్లు చేతివ్రేళ్లతో లెక్కింపదగినవే. తోట యజమానుడును మన విశ్వాసియే. ఆదివారము ఆరాధన తరువాత గుడి అరుగుమీద, మా యెదుట, నీ సొమ్ములో సగము సంక్రాంతిలోపల తిరిగి యిచ్చెదనని ఆయన చెప్పెను. కౌలుదారుడు ఊరి పెద్దలలో తగవు పెట్టవలెనని అనుకొనియుండెను. మేము వద్దంటిమి. తగవెందుకు, మేమందరము విన్నాము కదా అని భుజము తట్టి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి పంపితిమి. ఆ సాయంకాలము ఎంత మంచి పని జరిగినదని మాలో మేము సంతోషించితిమి.

సంక్రాంతి వచ్చెను. తోట యజమానుడు, ప్రభుత్వపు పరిహారము నాకు ఎక్కువగా వచ్చినయెడల ఇత్తునంటిని గాని ఊరకే ఇత్తుననలేదు అనెను. మేము అట్లు వినలేదు. అయినను ఆ మాట ఆయనతో అనలేదు. అదే తుపానుకు మా గుడి రేకులు ఎగిరిపోగా, క్రొత్త రేకులు వేయించెదనని చెప్పినవాడు ఆయనయే. కౌలుదారుడు మా యొద్దకు వచ్చినప్పుడు, మాకు సరిగా జ్ఞాపకము లేదు, మీరిద్దరును ప్రార్థనాపూర్వకముగా మాటలాడుకొనుడి అంటిమి. ప్రార్థన అను మాటను మేము ఆ దినమున తలుపు గడియవలె వాడితిమి.

వేసవిలో ఆ సహోదరుడు భార్యతో మద్రాసుకు కట్టుబడి పనికి బయలుదేరెను. బస్సు ఎక్కకముందు మమ్మును చూచి ఇట్లనెను: “అయ్యగారూ, ఆయన మాటమీద కాదండి, మీరు పక్కనున్నారని ఊరుకున్నాను.” కోపముతో అనలేదు. అందువలననే ఆ మాట మాలో దిగబడెను.

అటుతరువాత మేము తోట యజమానుని యింటికి పోయి, మీరు సంక్రాంతిలోపల సగము ఇచ్చెదనంటిరి, షరతు ఏదియు చెప్పలేదు, మేము విన్నాము అని చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత కోపపడెను. సంవత్సరముదనుక ఆ కుటుంబము ఆరాధనకు రాలేదు. గుడికి రేకులు ఆలస్యముగా, చిన్న చిన్న కానుకలతో వేయబడెను. కౌలుదారునికి కొంత సొమ్ము ముట్టెను, చెప్పినంత ముట్టలేదు. మేము సంక్రాంతినాడే పోయియుండినయెడల ఏమగునో దేవునికే తెలియును. ఆలస్యముగా చెప్పిన సత్యమును సత్యమే గాని, దానిని నమ్ముకొనినవాడు అప్పటికే అప్పుల పాలయ్యెను.

కొందరు అడుగవచ్చును: సంఘమునకు ఈ కూలి, కౌలు, అప్పుల సంగతులెందుకు? ఆత్మల పనియే మన పని కాదా? సొమ్ములోను భూమిలోను తలదూర్చిన సంఘము రెండుగా చీలదా? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ప్రతి తగవులోను సంఘము తీర్పరి కావలెనని మేమును చెప్పము. మనకు తెలియని సంగతులలో తలదూర్చుట తగదు. అయితే ఇక్కడ సంగతి అది కాదు. మనము ఒకసారి ప్రక్కన నిలిచితిమి. మన పేరు, మన ప్రార్థన, మన గుడి అరుగు ఆ మాటకు జామీనుగా వాడబడెను. నిలిచిన తరువాత, ఇది లోకసంబంధమైనది అని ప్రక్కకు తప్పుకొనుట భక్తి కాదు. చీలిక భయముచేత మౌనముగా నున్న సంఘము చీలకపోలేదు. బీదవాడు చప్పుడు లేకుండ బయటికి పోవును, అంతే. వాడు పోయిన చీలిక మన లెక్కలో పడదు.

మరికొందరు అడుగుదురు: పాస్టరుగారి జీవనము సంఘపు కానుకలమీద నున్నది, పెద్ద యిచ్చువానికి ఎదురు చెప్పి ఆయన ఎట్లు బ్రతుకును? ఇది నిజమైన కష్టము. టాల్‌పడిల్ వికారుకును ఆ కష్టముండియుండవచ్చును. ఆయన కూర్చుండి భోజనము చేయు బల్లలు ఎవరివో మనము ఊహింపవచ్చును. అందుచేతనే ఈ భారమును పాస్టరుగారి ఒక్కరిమీదనే వేయకూడదు. విన్నవారందరు సాక్షులే. డీకనులు, సంఘపు పెద్దలు, స్త్రీల సమాజమువారు కలిసి నిలిచినయెడల ఒక్కని కోపము ఒక్కనిమీద పడదు.

బీదవాడు చెప్పినదంతయు నిజమనియు మేము చెప్పుట లేదు. బీదవాని వ్యాజ్యెములో పక్షపాతము చూపకూడదని ధర్మశాస్త్రమే చెప్పుచున్నది (నిర్గమకాండము 23:3). కౌలుదారుడు లేని మాట పుట్టించినయెడల, ఆ మాట అనలేదని భూమిగలవాని పక్షమున చెప్పుటకును సాక్షి సిద్ధముగా నుండవలెను. సాక్షి చెప్పవలసినది తాను విన్నది మాత్రమే.

ఇది చదువుచున్న మీకు ఈ వారములోనే ఇట్టి పని తటస్థింపవచ్చును. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టి పొట్టు తీయు అక్కచెల్లెండ్రు కిలోకు ఇంత అను నోటిమాటమీద పనికి పోవుచున్నారు. మన తీరపు జాలరులు గుజరాతు పడవలమీదికి ఒకరి మాట నమ్మి పోవుచున్నారు. అట్లు పోయి 2018 నవంబరులో పాకిస్తాను వారికి చిక్కినవారిలో మన జిల్లావారుండిరి, 2020 జనవరిలో గాని వారికి విడుదల రాలేదు. ఇంటివద్ద మిగిలిన తల్లికిని భార్యకును ఆధారము, వెళ్లునప్పుడు ఎవరో ఎవరియెదుటనో చెప్పిన మాటయే. ఆ మాట విన్నవారు మనలో ఉన్నారు.

కావున మూడు సంగతులు మనవి చేయుచున్నాము. మొదటిది, నేను చూచుకొందునులే అను మాట తేలికగా అనవద్దు. చూచుకొనలేనియెడల ముందే చెప్పుట మేలు; అప్పుడు బలహీనుడు వేరొక ఆధారము వెదకుకొనును. రెండవది, సాక్షిగా నిలిచినయెడల మాటను, తేదీని, సొమ్మును కాగితముమీద వ్రాయించి ఇద్దరికిని చదివి వినిపింపుడి. ఇది అపనమ్మకము కాదు. యాకోబును లాబానును రాళ్ల కుప్ప వేసి దానికి సాక్షి కుప్ప అని పేరు పెట్టిరి (ఆదికాండము 31:44–50). పదిమార్లు కూలి మార్చిన మామతో యాకోబు ఊరక చేతులు కలిపి పోలేదు. మూడవది, మాట తప్పినప్పుడు బీదవాడు మన గడప త్రొక్కువరకు ఆగవద్దు. మనమే ముందు పోవలెను. మొదట ఒంటరిగా, తరువాత ఒకరిద్దరితో, తరువాత సంఘముతో అని ప్రభువు చూపిన త్రోవ (మత్తయి 18:15–17) ఉన్నది. మాట తప్పినవానిని సిగ్గుపరచుటకు కాదు, తిరిగి సంపాదించుకొనుటకే ఆ త్రోవ.

ఆ ఆరుగురి చివరి సంగతి చెప్పి ముగింతుము. తిరిగి వచ్చినవారిలో ఐదుగురు తరువాత కెనడా దేశమునకు వలసపోయి అక్కడ సేద్యము చేసికొనిరి. జార్జి లవ్‌లెస్ 1874లో అక్కడనే నిద్రించెను. మన కాకినాడలో కెనడా బాప్తిస్టు మిషను పని ఆరంభమైనదియు ఆ 1874లోనే. జేమ్సు హామెట్ మాత్రము స్వంత ఊరు విడువలేదు. వృద్ధాప్యమున డార్చెస్టరులోని బీదల ఆశ్రయములో 1891లో మరణించెను. ఆయనను టాల్‌పడిల్ దేవాలయపు ఆవరణములో పాతిపెట్టిరి. 1934లో ఆయన సమాధిమీద ఒక రాయి నిలిపిరి. ఏటేట జూలై నెలలో జనులు వచ్చి దానిమీద పువ్వులుంచుదురు. సాక్షి తప్పిపోయిన ఆ గుడి నీడలోనే ఆయన పునరుత్థానమునకు ఎదురుచూచుచు పరుండియున్నాడు.

మన ప్రభువునకు బైబిలులో అనేక నామములున్నవి. ప్రకటన గ్రంథపు మొదటి అధ్యాయములో ఆయనకు ఇయ్యబడిన నామము నమ్మకమైన సాక్షి. పిలాతు యెదుట నిలిచినప్పుడు ఆయన తనకు జ్ఞాపకము లేదని చెప్పలేదు. మన పాపములను గురించి తండ్రి యెదుట మన ప్రక్కన నిలిచినవాడు, మాట యిచ్చి ప్రక్కకు తొలగిపోయినయెడల మనకు గతి ఏమి? ఆయన తొలగలేదు గనుకనే మనము ఆదివారము తల యెత్తి గుడిలోనికి పోగలుగుచున్నాము. అట్టివాని పేరు ధరించిన మనము, మన ప్రక్కన నిలుచుండుమని అడిగిన మనుష్యునికి ఎట్లు తప్పిపోగలము?

ప్రార్థన: నమ్మకమైన సాక్షివగు ప్రభువా, మేము విని మరచితిమన్న మాటలను నీవు మరువలేదు. మా మౌనమును క్షమించుము. మమ్మును నమ్ముకొని ఊరకున్నవారిని మా కన్నుల యెదుట నిలుపుము. ఆలస్యము కాకముందే వారి గడపకు పోవు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.